దిండ్లు వెనక్కి తెచ్చుకున్న మనిషి

మా ఆయనకు ఒక పాడు అలవాటుంది. ఎవరింటికి వెళ్ళినా కూర్చోబోయే ముందు కుర్చీలో మెత్తను రెండు వేళ్ళతో నొక్కి చూస్తాడు. నొక్కి ఊరుకున్నా బాగుండును, పెదవి కూడా విరుస్తాడు. మొదటిసారి మా పుట్టింటికి వచ్చినప్పుడు మా నాన్న ముచ్చటపడి కొనుక్కున్న సోఫాను అలాగే నొక్కి, లోపల దూది సగమేనని, మిగతాదంతా గుడ్డపీలికలని తేల్చేశాడు. నిజమే అనుకోండి, తర్వాత విప్పి చూస్తే పీలికలే ఉన్నాయి. కానీ ఆ మాట అక్కడ అనాలా? ఈ మనిషితో ఎలా వేగుతావే అని మా అమ్మ ఆ రోజే తల పట్టుకుంది. ముప్పై నాలుగేళ్ళుగా వేగుతూనే ఉన్నాను.

మాది పరుపులు, దిండ్లు కుట్టే దుకాణం. ముందు గది దుకాణం, వెనక రెండు గదులు కాపురం. మధ్యలో మందపాటి తెర కట్టుకున్నా దూది ఆగుతుందా? టీ గ్లాసులో దూది, దువ్వెనలో దూది, తుమ్మితే దూది. ఆయన దూది ఏకుతాడు, నింపుతాడు, దబ్బనంతో కుడతాడు. గలీబులు కుట్టడం నా పని. వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆయన దిండ్ల బాబాయి, నేను పిన్నిని.

ఇప్పుడు చెప్పబోయేదంతా చంటిదిండు గురించి. మా వాడు పుట్టిన కొత్తలో భుజం మీద ఉన్నంతసేపూ నిద్రపోయేవాడు, పక్క మీద వేస్తే చాలు, ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చేవాడు. రెండు నెలలు నాకు నిద్రంటే ఏమిటో తెలియదు. గోడకు ఆనుకుని నిలబడి అన్నం తింటూ అలాగే తూలిపోయేదాన్ని. ఒక రోజు మధ్యాహ్నం మా ఆయన బూరుగు దూది తెచ్చి, నాలుగుసార్లు ఏకి, చిన్న దిండు కుట్టి వాడి తల కింద పెట్టాడు. పక్కనే కూర్చుని గుండె మీద చెయ్యి వేసి జోకొట్టడం మొదలుపెట్టాడు. వాడు మూడు గంటలు కదలకుండా పడుకున్నాడు. నేనూ పడుకున్నాను. సాయంత్రానికల్లా ఈయన తన దిండు ఎంత గొప్పదో వీధి వీధంతా చెప్పి వచ్చేశాడు.

అప్పటినుంచి వీధిలో ఎవరింట్లో బిడ్డ పుట్టినా వారం తిరక్కుండా మా ఇంటి నుంచి చంటిదిండు వెళ్ళాల్సిందే. పెద్ద పరుపుల దగ్గర గీచి గీచి బేరమాడే మనిషి దీన్ని మాత్రం ఊరికే ఇచ్చేవాడు. దాని మీద నేను ఒక బొమ్మ కుట్టాలి. ఒక ఇంటికి కుట్టిన బొమ్మ ఇంకో ఇంటికి కుట్టకూడదు. చేప, గొడుగు, నత్త, రైలింజను, ఇలా ఏది తోస్తే అది. పొగడ్తంటే మా ఆయన పడిచస్తాడు. మీ దిండు మీద పడుకోబెడితే మా పాప కిక్కురుమనలేదు బాబాయ్ అని ఎవరైనా అంటే ఆ పూట ఆయనకు అన్నం కూడా అక్కర్లేదు. నాకూ గర్వంగానే ఉండేది, అబద్ధమెందుకు?

మొన్న వేసవిలో మా వాడికి కూతురు పుట్టింది. బిడ్డ ఇంకా కడుపులో ఉండగానే దిండు సిద్ధం, మీద కుందేలు. తీరా చూస్తే మా కోడలు దాన్ని పిల్ల తల కిందనుంచి నెమ్మదిగా లాగి అలమరలో పెట్టేసింది. ఈయన మళ్ళీ పెట్టాడు, ఆమె మళ్ళీ తీసింది. గట్టిగా మాట్లాడే పిల్ల కాదు మా కోడలు. మూడో రోజు మాత్రం కూర్చోబెట్టి చెప్పింది. ఏడాది నిండేదాకా దిండు వద్దని, పక్కన మెత్తటివి ఏవీ ఉంచకూడదని, గట్టి పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టాలని ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ చెప్పిందట. అచ్చువేసిన కాగితం కూడా చూపించింది.

ఆ నర్సమ్మ ఎన్ని దిండ్లు కుట్టిందో కనుక్కోమన్నాడు మా ఆయన. ఆ రోజునుంచి కోడలితో మాటలు బంద్. ఆమె ఎదురుగానే కూర్చుని, ఆ అమ్మాయికి టీ కావాలేమో అడుగు అని నాతో అనేవాడు. ఆమె కూడా, వద్దని చెప్పండత్తయ్యా అని నాతోనే అనేది. అడుగు దూరంలో ఉన్న ఇద్దరి మధ్య నేను పోస్టుమ్యాన్‌ని. పోనీ నేనైనా న్యాయం చెప్పానా అంటే, లేదు. ఆయన వైపే ఉన్నాను. ఇంతమంది పిల్లలు మా దిండ్ల మీద పెరిగారు, ఎవరికేమైందమ్మా అని దెప్పాను కూడా. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ రోజుల్లోనే వీధి చివర ఇస్త్రీ అబ్బాయికి నెలలు నిండకుండా కూతురు పుట్టింది. నెల రోజులు ఆసుపత్రిలో ఉంచి ఇంటికి తెచ్చుకున్నారు. దాని తల నా పిడికిలి కంటే కాస్త పెద్దది, అంతే. కోడలి మీద ఉక్రోషమంతా మా ఆయన ఆ పిల్ల దిండులో చూపించాడు. బూరుగు దూది ఏడుసార్లు ఏకాడు. అంత చిన్న తలకు అంత మెత్తన ఉండాలట. తల అటూ ఇటూ పోకుండా రెండు పక్కలా పెట్టడానికి బుల్లి బాలీసులు కూడా కుట్టాడు. నేను దిండు మీద బాతు కుట్టాను. స్వయంగా తీసుకెళ్ళి, పిల్ల తల ఎత్తి, కింద పెట్టి వచ్చాడు. ఇస్త్రీ అబ్బాయీ పెళ్ళామూ మొహమొహాలు చూసుకుంటే, ఇంత ఆదరణకు మొహమాటపడుతున్నారని అనుకున్నాం. మూడు వారాల తర్వాత వాళ్ళు ఇల్లు మారి వెళ్ళిపోయారు.

వాళ్ళు వెళ్ళిన నాలుగైదు రోజులకు, మధ్యాహ్నం పూట, కోడలు పిల్లను పక్క మీద వేసి స్నానానికి వెళ్ళింది. మా ఆయన పిల్లిలా వెళ్ళి అలమరలోంచి కుందేలు దిండు తీసి పిల్ల తల కింద పెట్టాడు. నేను చూశాను. చూసి నవ్వాను. కాసేపటికి పిల్ల తల ఒక పక్కకు తిప్పింది. అప్పటికి దానికి మూడు నెలలు. తిప్పిన తల మళ్ళీ ఇవతలకు రాలేదు. చెంప దూదిలో దిగిపోయింది, దాంతోపాటు ముక్కూ నోరూ. ఏడవలేదు. గురకలాగా చిన్న చప్పుడు మాత్రం వచ్చింది. ఎంత హాయిగా నిద్రపోతోందో అని మేమిద్దరం గుమ్మంలో నిలబడి మురిసిపోతున్నాం. తడి జుట్టుతో వచ్చిన కోడలు మమ్మల్ని తోసుకుంటూ వెళ్ళి పిల్లను ఎత్తుకుంది. పిల్ల మొహం కందిపోయి ఉంది. గుక్కెడు ఊపిరి తీసి, అప్పుడు ఏడ్చింది.

కోడలు తిట్టినా బాగుండేది. పిల్లను గుండెలకు అదుముకుని గోడ వైపు తిరిగి నిలబడింది. పిల్లకు ఏమీ కాలేదు, ఆ సాయంత్రం ఆరోగ్య కేంద్రంలో చూపిస్తే బాగానే ఉందన్నారు. నా గుండె మాత్రం గుభేలుమని జారింది, జారినది ఇంకా పూర్తిగా చోటికి రాలేదు.

మా ఆయన కుందేలు దిండు పట్టుకుని దుకాణంలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. ఎంతకీ అలికిడి లేకపోతే తోసుకుని వెళ్ళాను. దూది కుప్ప పక్కన నేల మీద బోర్లా పడుకుని ఉన్నాడు, మొహం దిండులో. నా పై ప్రాణాలు పైనే పోయాయి. భుజం పట్టి కుదిపితే తలెత్తాడు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"ఊపిరాడట్లేదే," అన్నాడు. "నాకు ఆడకపోతే నేను తల ఎత్తుకోగలను. అది ఎత్తుకోలేదు కదా."

ఆ తర్వాత, ఏడాది దాటని పిల్లల్లో ఎంతమందికి ఇచ్చామో చెప్పమన్నాడు. ఆయనకు ఒక్క ఇల్లూ గుర్తుండదు, నాకు బొమ్మలతో సహా గుర్తు. వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. మా కుందేలుతో కలిపి పదకొండు. చొక్కా వేసుకున్నాడు. అన్నీ వెనక్కి తెచ్చేద్దాం పదమన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నేళ్ళూ నెత్తిన పెట్టుకున్న వాళ్ళ గుమ్మాల్లో తల దించుకుని నిలబడాలా? దిండ్లు కుట్టేవాడి దిండే మంచిది కాదని తెలిశాక మన దుకాణం గడప ఎవరు తొక్కుతారు? కోడలు కాగితం చూపించినప్పుడు వినని మనిషికి ఇప్పుడు ఇంత తొందరేమిటి? ఇలా నోటికొచ్చిందల్లా అన్నాను. అన్నీ విని చెప్పులు వేసుకున్నాడు. బొమ్మలు నాకే గుర్తు గనక వస్తే మంచిదన్నాడు, రాకపోతే ప్రతి తలుపూ తట్టి మీ ఇంట్లో చంటిపిల్ల ఉందా అని అడుక్కుంటానన్నాడు. ఆ పని చేసే మనిషే. చెంగు దులుపుకుని బయల్దేరాను.

మొదటిది నత్త బొమ్మ ఇల్లు. అక్కడ మా ఆయన నీళ్ళు నమిలాడు, నేనే చెప్పాల్సి వచ్చింది. గొడుగు ఇంట్లో ఇద్దరం కలిసి తడబడ్డాం. మూడో ఇంటికి వచ్చేసరికి ఆయనకు మాట కుదిరింది. తప్పు నాది, తెలియక ఇచ్చాను, ఏడాది దాటేదాకా దిండు పెట్టొద్దు, పిల్లను వెల్లకిలా పడుకోబెట్టండి అని గుక్క తిప్పుకోకుండా చెప్పి చెయ్యి చాచేవాడు. కొందరు కంగారుపడి వెంటనే ఇచ్చేశారు. ఒకావిడ, కొత్త సరుకు అంటగట్టడానికి ఎత్తా పిన్నీ అని నన్ను ఆటపట్టించింది. నాకు ఒళ్ళు మండినా నవ్వేశాను.

రైలింజను ఇంట్లో మాత్రం ముసలావిడ అడ్డం పడింది. మనవడు ఆ దిండు మీద, గడ్డం దాకా దుప్పటితో పడుకుని ఉన్నాడు. ఇచ్చింది వెనక్కి అడగడానికి సిగ్గులేదా అని మమ్మల్ని కడిగేసింది. ఆరుగురిని పెంచిన దాన్ని, నాకా చెబుతారు అంది. మా ఆయన వాదించలేదు. సంచిలోంచి నత్త దిండు తీసి ఆవిడ చేతిలో పెట్టి, మొహం అందులో పెట్టి పది లెక్కపెట్టమన్నాడు. నెగ్గాలని ఆవిడ పెట్టేసింది. మేం ఏడు దగ్గర ఉండగా తలెత్తింది. లోపలికి వెళ్ళి మనవడి తల కిందది తెచ్చి ఇచ్చింది. దుప్పటి కూడా మడిచి అవతల పెట్టింది.

రెండు రోజుల్లో తొమ్మిది దిండ్లు వచ్చాయి. మిగిలింది బాతు. ఇస్త్రీ అబ్బాయి ఫోను పలకడం లేదు. వాళ్ళు ఖాళీ చేసిన ఇంట్లోకి వచ్చినవాళ్ళకు ఒక్క ముక్కే తెలుసు, ఊరికి అటు చివర బస్సు డిపో వెనక ఇస్త్రీ బండి పెట్టుకున్నాడని. మూడో రోజు రెండు బస్సులు మారి వెళ్ళాం. పొద్దున్న ఆయన అన్నం ముట్టలేదు. ఏడుసార్లు ఏకానే అని దారిలో మూడుసార్లు అన్నాడు. అందరిలోకి చిన్న పిల్లకు అన్నిటిలోకి మెత్తటిది ఇచ్చాడు, పైగా పక్కన బాలీసులు. ఆ తల తిరిగితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు గనక ఎవరమూ పైకి అనలేదు. బస్సెక్కాక ఆయన సీటు నొక్కి చూడకుండా కూర్చున్నాడు. అప్పుడు నాకు నిజంగా భయమేసింది.

డిపో వెనక బండి దొరికింది. దాని మీద బట్టలు మడత విప్పకుండా ఉన్నాయి, ఇస్త్రీ పెట్టె చల్లారిపోయి ఉంది, మనిషి లేడు. పక్కన టైర్లకు గాలి కొట్టే అతన్ని అడిగితే, ఇందాకే ఇంటికి వెళ్ళాడని, సందులో మూడో తలుపని చెప్పాడు. ఎందుకు వెళ్ళాడో తెలియదన్నాడు. బస్సు తప్పిపోతున్నా నడిచే మా ఆయన ఆ సందులో పరుగెత్తాడు.

తలుపు ఓరగా తీసి ఉంది. లోపల గోడ వారగా చాప, చాప మీద మందపాటి దుప్పటి ముడత లేకుండా పరిచి ఉంది. దాని మీద పిల్ల వెల్లకిలా, రెండు చేతులూ బార్లా చాపుకుని, నోరు కాస్త తెరుచుకుని నిద్రపోతోంది. చుట్టూ ఏమీ లేదు. పొట్ట పైకీ కిందికీ కదులుతోంది. ఆ పొట్ట నాలుగైదుసార్లు కదిలేదాకా మేమిద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం.

అప్పుడు గురక వినిపించింది. ఇవతలి గోడ దగ్గర ఇస్త్రీ అబ్బాయి నేల మీద పడుకుని ఉన్నాడు. వాడి మెడ కింద బాతు దిండు. బుల్లి బాలీసులు రెండూ రెండు చెవుల పక్కన.

అలికిడికి వంటగదిలోంచి వాడి పెళ్ళాం వచ్చింది. మమ్మల్ని చూసి మొహం పాలిపోయింది. ఒక్క ఉదుటున వెళ్ళి మొగుడి తల కిందనుంచి దిండు లాగింది. వాడి తల ఠంగున నేలకు కొట్టుకుంది. ఆ దిండు పట్టుకుని పిల్ల దగ్గరకు పరుగెత్తింది, తల కింద పెట్టేయడానికి.

"వద్దు తల్లీ," అన్నాడు మా ఆయన. "నీకు పుణ్యముంటుంది, దాని దగ్గర పెట్టకు."

తర్వాత ఒక్కొక్కటే బయటికి వచ్చింది. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడే దిండు పెట్టొద్దని వాళ్ళకు గట్టిగా చెప్పారట. మా వీధిలో ఉన్నన్నాళ్ళూ, మా ఆయన అటువైపు వస్తున్నాడని తెలిస్తే పిల్ల తల కింద పెట్టడం, వెళ్ళగానే తీసెయ్యడం. ఆయన మనసు నొచ్చుకుంటుందని చెప్పలేకపోయారట. రోజంతా నిలబడి బట్టలు రుద్దితే మెడ పట్టేస్తోందని, మధ్యాహ్నం ఒక కునుకు తీద్దామని వాడు ఆ దిండు వేసుకుంటున్నాడు. నెత్తి తడుముకుంటూ, ఇంత మెత్తటిది జన్మలో చూడలేదు బాబాయ్ అన్నాడు, తప్పు చేసి దొరికిపోయినవాడిలా. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ కలిసి ఎక్కిళ్ళొచ్చాయి. నీకే ఉంచుకోరా అన్నాడు మా ఆయన.

ఇంత గోలకు పిల్ల లేచి ఏడుపు లంకించుకుంది. ఎత్తుకుంటే తప్ప పడుకోదు పిన్నీ, నడుం విరిగిపోతోంది అని తల్లి మొర పెట్టుకుంది. మా ఆయన ఎత్తుకుని నెమ్మదించేదాకా తిప్పాడు. కళ్ళు మూతలు పడుతుండగానే, పూర్తిగా పడుకోకముందే, ఆ గట్టి పక్క మీద వెల్లకిలా వేసి గుండె మీద చెయ్యి వేశాడు. దబ్బనం పట్టి కాయలు కాసిన చెయ్యి. అది మళ్ళీ కుయ్యిమంది. చెయ్యి తియ్యలేదు, ఎత్తుకోలేదు, మెల్లగా జోకొడుతూ కూర్చున్నాడు. పావుగంటకు పడుకుంది. తల్లి కూడా పక్కన చేరి అలా చెయ్యి వేసి నేర్చుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నాకు అనుమానం వచ్చి అడిగాను, మా వాడు మొదటిసారి పడుకున్న ఆ మూడు గంటలూ చెయ్యి అలాగే ఉంచారా అని. తీస్తే లేచేవాడు కదా అన్నాడు. ఈ ముక్క ముప్పై ఏళ్ళ ముందు చెప్పి ఏడిస్తే ఇన్ని గలీబులు కుట్టే పని తప్పేది నాకు. ఆ మాటే అన్నాను. ఆయన సీటు నొక్కి చూసి పెదవి విరిచాడు.

ఇంటికి రాగానే కోడలి ముందు నిలబడ్డాడు. మధ్యలో నన్ను పెట్టుకోలేదు. "తప్పు నాదమ్మా. నువ్వు చెప్పినప్పుడే వినాల్సింది," అన్నాడు. కోడలు కుర్చీ జరిపి వేసింది.

మర్నాడు తొమ్మిది దిండ్లూ విప్పేశాడు. ఆ బూరుగు దూది ఎంత నొక్కినా గట్టిపడదని పక్కకు నెట్టి, కొబ్బరి పీచు తెచ్చి ఒత్తుగా పరిచి, పైన పలచగా మామూలు దూది వేసి, దగ్గర దగ్గరగా కుట్లు బిగించి మనవరాలి ఉయ్యాల మంచానికి సరిగ్గా సరిపోయే పరుపు కుట్టాడు. రెండు వేళ్ళతో నొక్కాడు. దిగలేదు. జీవితంలో మొదటిసారి గట్టిగా ఉందని మురిసిపోయాడు. అయినా తను పరవలేదు, నువ్వు నొక్కి చూడమ్మా అని కోడలికి ఇచ్చాడు. ఆమె అచ్చం ఆయనలాగే రెండు వేళ్ళతో నొక్కి, ఒక్క క్షణం పెదవి విరిచి, నవ్వి, పిల్లను దాని మీద పడుకోబెట్టింది. ఇక మీరు చూసుకోండి మామయ్యా అని లోపలికి వెళ్ళిపోయింది.

కుందేలు దిండు ఒక్కటే ఆయన విప్పలేదు. దాన్ని చూడటానికే ఆయనకు మనసొప్పక బల్ల మీద వదిలేశాడు. సాయంత్రం టీ ఇద్దామని వెళితే గదిలో కోడలు ఆదమరిచి నిద్రపోతోంది, దువ్వని జుట్టుతో, ఆ కుందేలు మీద తల పెట్టుకుని. తీసుకెళ్ళి ఎప్పుడు పెట్టుకుందో మరి. మూడు నెలల్లో ఆమె అలా పడుకోగా నేను చూడలేదు. ఆయన్ను పిలిచి తెర పక్కకు జరిపి చూపించాను. చాలాసేపు చూశాడు.

"మరీ చిన్నదైపోయిందే," అన్నాడు గుసగుసగా. "అమ్మాయి మెడ జారిపోతోంది చూడు. పెద్దది కుట్టాలి."

పక్కకు నెట్టిన ఆ తొమ్మిది దిండ్ల దూదీ దానికే పట్టింది. ఇప్పుడు వీధిలో ఏ బిడ్డ పుట్టినా మా ఇంటి నుంచి రెండు వెళతాయి, బిడ్డకు గట్టి పరుపు, తల్లికి మెత్తటి దిండు. బొమ్మ తల్లి దిండు మీదే కుడుతున్నాను.